మీ పంచాయతీకి తుపాను ప్రణాళిక రాసుకోవడం ఎలా?

ఏటా వానాకాలం చివరికి వచ్చేసరికి తీర మండలాల సర్పంచులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పంచాయతీ కార్యదర్శులు నన్ను ఒకే మాట అడుగుతుంటారు: "గ్రామ విపత్తు ప్రణాళిక పంపమని పైనుంచి మెసేజ్ వచ్చింది, మీ దగ్గర నమూనా ఏదైనా ఉంటే పంపుతారా?" నమూనా పంపడం ఒక్క నిమిషం పని. పంపాక ఏం జరుగుతుందో కూడా కార్యదర్శిగా పనిచేసినన్నాళ్లూ చూశాను. మొదటి పేజీలో ఊరి పేరు మారుతుంది, జనాభా అంకె మారుతుంది. ఏడో పేజీలో మాత్రం పక్క మండలంలోని చెరువు, ఎప్పుడో బదిలీ అయిపోయిన ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) పేరు అలాగే ఉండిపోతాయి. అందుకే ఇక్కడ నమూనా ఇవ్వడం లేదు. సొంతంగా రాసుకునే పద్ధతి చెబుతున్నాను. దీని ప్రకారం చేస్తే మీ చేతికి వచ్చేది పది పన్నెండు పేజీలకు మించదు, కానీ అందులో ప్రతి పనికీ ఒక మనిషి పేరు, ఆ మనిషి లేకపోతే చేసే మరో మనిషి పేరు, ఆ పని పూర్తికావలసిన గంట ఉంటాయి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాలో ఈ పనికి కలెక్టరు పెద్ద. అదే చట్టంలోని 41వ సెక్షన్ సిబ్బందికి శిక్షణ ఇప్పించడం, సామగ్రిని వాడకానికి సిద్ధంగా ఉంచడం, సహాయ కార్యక్రమాలు నడపడం స్థానిక సంస్థల బాధ్యతని చెబుతుంది. ఊరు ఖాళీ చేయించే ఆదేశం పైనుంచే వస్తుంది, కానీ ఏ ఇంటి తలుపు ముందు తట్టాలో చెప్పగలిగేది పంచాయతీ ఒక్కటే.

తరలించడం వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా అని ఇప్పటికీ అడిగేవారున్నారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. 1990 మేలో మళ్లీ కృష్ణా తీరాన్నే అతి తీవ్రమైన తుపాను తాకినప్పుడు, లక్షకు పైగా జనాన్ని ముందుగానే తరలించగలిగినందువల్ల, మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. ఈ రెండు అంకెలూ చెప్పాక మా గ్రామసభలో వాదన సాగలేదు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- సర్వేయరు దగ్గరుండే గ్రామ పటం నకలు, కొలత టేపు, గోడల మీద గుర్తులు పెట్టడానికి ఎర్ర రంగు, కుంచె.
- గ్రామ సచివాలయంలోని ఇంటి వారీ జాబితా. దీన్ని పూర్తిగా నమ్మకండి. ఎందుకో రెండో మెట్టులో చెబుతాను.
- పాత తుపానులను చూసిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు.
- ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, స్వయం సహాయక సంఘాల నాయకురాళ్లు, బోట్ల యజమానులలో ఒకరు, ట్రాక్టర్ల యజమానులలో ఒకరు.
- బ్యాటరీతో నడిచే మైకు, జనరేటర్, చెట్లు కోసే రంపం, గొడ్డళ్లు, మోకులు, టార్చిలైట్లు, టార్పాలిన్లు.
- మూత విప్పని బ్లీచింగ్ పౌడర్, నీటిలో క్లోరిన్ చూసే క్లోరోస్కోప్ పెట్టె.
- నాలుగు ఆదివారాలు. అంతకన్నా తక్కువ సమయంలో పూర్తిచేశామని చెప్పిన ఊళ్లలో ఎక్కువ చోట్ల కార్యాలయంలో కూర్చుని రాసినవే చూశాను.

మన తీరానికి తుపానులు వేసవిలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. కాబట్టి ప్రణాళిక సెప్టెంబరు చివరికి సిద్ధం కావాలి, మార్చి చివర ఒకసారి సవరించుకోవాలి.

1. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద గుర్తు పెట్టండి

పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఊరంతా నడవండి. "నీళ్లు బాగా వచ్చాయా?" అని అడిగితే "అబ్బో, వచ్చాయి" అంటారు, ఆ జవాబుతో మీకేమీ పని జరగదు. "ఈ అరుగు మునిగిందా? కిటికీ దాకా వచ్చాయా? ఆ రాత్రి మీరు ఎక్కడ నిలబడ్డారు?" అని అడగండి. జవాబు వచ్చిన ప్రతిచోటా గోడ మీదో కరెంటు స్తంభం మీదో ఎర్ర గీత గీసి సంవత్సరం రాయండి. ఒకే తుపానుకు ఇద్దరు చెప్పిన ఎత్తుల్లో తేడా వస్తే ఎక్కువ ఎత్తునే తీసుకోండి. ఆ తర్వాత పటం మీద ఈ గీతలను కలిపి ముంపు రేఖ గీయండి, డ్రెయిన్లు, తూములు, కరకట్టలో బలహీనంగా ఉన్న చోట్లు, వానకు ముందుగా మునిగే రోడ్డు ముక్కలు గుర్తించండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, గత తుపానులో నీళ్లు రాని వీధిని ఎప్పటికీ రాని వీధిగా లెక్కవేయడం. తుపాను ఊరికి ఏ పక్కన తీరం దాటిందన్న దాన్నిబట్టి ఉప్పెన మారుతుంది. మన తూర్పు తీరంలో తుపాను దాటే చోటికి ఉత్తరం పక్కన గాలి సముద్రం మీద నుంచి నేల వైపు వీస్తుంది కనుక ఉప్పెన అటే ఎక్కువగా లేస్తుంది; దక్షిణం పక్కన గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. పోయినసారి మీ ఊరు దక్షిణం పక్కన పడినందువల్ల తప్పించుకుని ఉండవచ్చు.

2. ఇంటింటికీ తిరిగి జాబితా రాయండి

సచివాలయంలోని జాబితా కాగితాల మీద ఉన్న జనానిది. తుపాను నాడు ఊళ్లో ఉండే జనం వేరు. రొయ్యల చెరువుల కాపలాకు వచ్చి గట్టు మీద పాకల్లో ఉండే కుటుంబాలు, ఇటుక బట్టీల కూలీలు, బాతులు మేపుకుంటూ వచ్చినవాళ్లు, కూతురి పురుడు కోసం వచ్చిన బంధువులు ఆ జాబితాలో ఉండరు. నేను పనిచేసిన ఒక ఊళ్లో మొదటిసారి తిరిగి రాసినప్పుడు చెరువు గట్ల మీదనే ముప్పై ఒక్కమంది తేలారు. వాళ్లలో సగం మందికి తెలుగు రాదు. మైకులో ఎంత చక్కగా చెప్పినా వాళ్లకు అర్థమయ్యేది కాదని అప్పుడు తెలిసింది. చెరువు యజమానుల ఫోన్ నంబర్లు, కూలీలలో తెలుగు వచ్చిన ఒక్కరి పేరు రాసుకోవడం అప్పటి నుంచి అలవాటైంది.

ప్రతి ఇంటికీ ఒక వరుస చాలు: ఇంటి యజమాని పేరు, మనుషుల సంఖ్య, ఇల్లు పూరిల్లా, రేకులదా, డాబానా, ముంపు రేఖకు లోపలా బయటా, ఒంటరిగా నడవలేనివారు ఎవరు, పశువులు ఎన్ని. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవారు, మంచం దిగలేని వృద్ధులు, చూపు లేనివారు, ఆక్సిజన్ మీద ఉన్నవారు ఉన్న ఇళ్లను ఎర్ర సిరాతో రాయండి. గర్భిణుల గడువు తేదీలు ఏఎన్ఎం దగ్గర ఉంటాయి. ప్రసవం దగ్గరపడ్డవారిని షెల్టరుకు కాదు, నేరుగా ఆసుపత్రికి తరలించాలి. వాహనం ఎవరిదో ఈ వరుసలోనే రాయండి.

పశువుల గడిని తేలిగ్గా తీసుకోకండి. ఇల్లు వదలనని మొండికేసే ప్రతి పది మందిలో సగం మంది గేదె కోసమే ఆగుతారని నా అనుభవం. ఒకసారి ఒక అవ్వ ఎంత చెప్పినా కదలలేదు. మెరక మీదున్న స్కూలు ప్రహరీ లోపలికి ముందు గేదెను తోలుకెళ్లి కట్టేసి, చొప్ప వేసి, "రావే అవ్వా, అది నీకోసం అరుస్తోంది" అని ఆమె మనవడు చెప్పాకే గుమ్మం దిగింది. కాబట్టి పశువులకు మెరక స్థలం ఏదో ప్రణాళికలోనే రాయండి. తీసుకెళ్లడం కుదరకపోతే పలుపు విప్పి వదిలేయమని చెప్పండి. కట్టుగొయ్యకు ఉన్నది నీళ్లు పెరిగితే ఈదలేదు.

3. తలదాచుకునే భవనాన్ని టేపుతో కొలవండి

"మన స్కూల్లో మూడు వందల మందికి చోటుంది" అని రాసిన ప్రణాళికలు చాలా చూశాను. కొలిస్తే తెలుస్తుంది. సహాయ శిబిరంలో మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలని జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కనీస ప్రమాణం. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న తరగతి గది 37 చదరపు మీటర్లు, అంటే పది మందికి సరిపోతుంది. ఆరు గదుల బడిలో అరవై మంది. తుపాను రాత్రి ఒక్కటైతే జనం ఇరుక్కుని కూర్చుంటారు, ఎవరినీ బయట వదలకూడదు; కానీ నీళ్లు తీయక మూడు నాలుగు రోజులు ఉండవలసి వస్తే ఈ లెక్కే నిలుస్తుంది, కాబట్టి రెండో భవనం పేరు కూడా రాసిపెట్టుకోవాలి.

అదే ప్రమాణాల ప్రకారం ముప్పై మందికి ఒక మరుగుదొడ్డి, మనిషికి రోజుకు కనీసం 3 లీటర్ల తాగునీరు ఉండాలి. రెండు వందల మందికి మూడు రోజులకు 1,800 లీటర్లు. ఇది తాగడానికి మాత్రమే. ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్డి, దాని దారిలో దీపం ఉన్నాయా లేదా రాత్రి పూట వెళ్లి చూడండి.

మీ ఊళ్లో తుపాను రక్షణ భవనం ఉంటే ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. ఆ భవనాన్ని స్తంభాల మీద కట్టి కింద ఖాళీగా వదిలేది ఉప్పెన నీరు అడ్డంకి లేకుండా కింద నుంచి పోవడానికే. అక్కడ గడ్డివాము వేసినా, వలలూ ఇంజన్లూ సర్దినా, గోడ పెట్టినా ఆ ప్రయోజనం పోతుంది. రెండోది తాళం. మా మొదటి మాక్ డ్రిల్ నాడు జనమంతా మెట్ల మీద నిలబడ్డారు, తాళం చెవి ఉన్నాయన పెళ్లికి వెళ్లాడు. చెవి తెప్పించేసరికి ముప్పావు గంట, తుప్పు పట్టిన తాళం తెరుచుకోక పగలగొట్టేసరికి మరో పది నిమిషాలు. చెవులు మూడు చేయించి ముగ్గురి దగ్గర ఉంచండి. ఆ ముగ్గురూ ఒకే కుటుంబం వాళ్లు కాకుండా చూడండి.

4. పనికి హోదా కాదు, మనిషి పేరు రాయండి

"తాగునీరు: ఇంజినీరింగ్ అసిస్టెంట్" అని రాస్తే అది పట్టిక అవుతుంది కానీ ప్రణాళిక కాదు. పేరు, ఫోను, బదులు మనిషి పేరు, ఫోను రాయండి. బదులు మనిషి ఆ ఊళ్లోనే నిద్రించేవాడై ఉండాలి, ఎందుకంటే సచివాలయ సిబ్బందిలో చాలామంది పక్క పట్నం నుంచి వచ్చిపోతుంటారు, రోడ్డు మునిగితే రాలేరు.

పనులను ఆరుకు మించనివ్వకండి: హెచ్చరిక చాటడం, తరలింపు, షెల్టరు నిర్వహణ, తాగునీరు, రోడ్డు మీద చెట్ల తొలగింపు, ప్రథమ చికిత్స. ఒక్కొక్క జట్టుకు ఐదుగురు చాలు. మీ మండలంలో ఆపద మిత్ర (విపత్తు వేళ సాయపడే స్వచ్ఛంద కార్యకర్తల పథకం) శిక్షణ పొందిన యువకులుంటే వాళ్లను ఒకే జట్టులో పెట్టకుండా తలా ఒక జట్టులో వేయండి.

5. వాతావరణ శాఖ హెచ్చరికలను గంటల లెక్కలోకి మార్చుకోండి

హెచ్చరిక నాలుగు దశల్లో వస్తుంది. తీరంలో వాతావరణం చెడటానికి సుమారు 72 గంటల ముందు అధికారులకు ముందస్తు సూచన, 48 గంటల ముందు పసుపు రంగుతో అప్రమత్తత, 24 గంటల ముందు నారింజ రంగుతో హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు ఎరుపు రంగుతో ఆఖరి దశ. మీ పట్టికలో ఒక్కో దశ ఎదురుగా పనులు రాసుకోండి.

- 72 గంటలు: జనరేటర్ నడిపి చూడాలి, డీజిల్ నింపాలి, సముద్రం మీద ఉన్న బోట్ల పేర్లు రాసి వెనక్కి పిలిపించాలి.
- 48 గంటలు: వేటకు ఎవరూ వెళ్లకుండా చూడాలి, ఎర్ర సిరా ఇళ్లకు కబురు చేయాలి, గర్భిణులను, డయాలసిస్ రోగులను తరలించాలి, రేషన్ దుకాణంలో నిల్వ చూడాలి.
- 24 గంటలు: ఓవర్‌హెడ్ ట్యాంకు నిండా నీళ్లు ఎక్కించాలి, డ్రెయిన్ల మూతలు తీసి చెత్త ఎత్తాలి, ముంపు రేఖ లోపలి ఇళ్లన్నీ ఖాళీ చేయించాలి.
- 12 గంటలు: మిగిలిపోయినవారిని తీసుకురావాలి, తలుపులు మూయాలి. ఈ దశలో కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదు.

ఒక నియమాన్ని మాత్రం సడలించకండి: తరలింపు పొద్దుగూకేలోపు పూర్తికావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తెల్లవారుజామున తీరం దాటింది. అలాంటి తుపానుకు అసలు పని గడువు ముందురోజు సాయంత్రమే. బులెటిన్‌లో రాసిన గంట చూసి "ఇంకా రాత్రంతా ఉంది" అనుకుంటే చీకట్లో, గాలిలో, కూలిన చెట్ల మధ్య పిల్లలను నడిపించవలసి వస్తుంది.

పేపర్లలో కనిపించే ఓడరేవు ప్రమాద సూచికల గురించి కూడా చెప్పాలి. 1 నుంచి 11 దాకా ఉండే ఆ నంబర్లు ఓడల కోసం. "మూడో నంబరే కదా" అని నిదానించడం, "పదకొండో నంబరు అన్నిటికన్నా పెద్దది" అని బెదిరిపోవడం రెండూ తప్పే. పదకొండు అంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఊరి నిర్ణయాలకు వాతావరణ శాఖ బులెటిన్, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ సందేశాలు, తహసీల్దారు కబురు ఆధారం కావాలి.

గోదావరి, కృష్ణ ఒడ్డు ఊళ్లవారు, లంక గ్రామాలవారు గంటల స్థానంలో నీటి మట్టాలను రాసుకోవాలి. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి, 13.75కు రెండో, 17.75కు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. భద్రాచలంలో ఇవి 43, 48, 53 అడుగులు. ప్రకాశం బ్యారేజీ వద్ద లెక్క క్యూసెక్కులలో ఉంటుంది: మొదటిది 3.97 లక్షలు, రెండోది 5.69 లక్షలు. "మొదటి హెచ్చరికకు మన ఏ వీధి మునుగుతుంది?" అన్నదానికి జవాబు మీ మొదటి మెట్టులోని ఎర్ర గీతలే ఇవ్వాలి. అయితే 2024 సెప్టెంబరులో విజయవాడ కాలనీలను ముంచిన నీటిలో ఎక్కువ భాగం బుడమేరుది. కాబట్టి పెద్ద నదిని చూస్తూ పక్క వాగును మరిచిపోకండి.

6. ఫోన్లు పనిచేయవనుకుని హెచ్చరిక మార్గం రాయండి

వాట్సాప్ గ్రూపులో పెట్టాం కనుక అందరికీ తెలిసిపోయిందని భావించడం ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖపట్నం అంతటి నగరంలోనే కరెంటు, ఫోన్లు రోజుల తరబడి స్తంభించాయి. అందుకని మూడు మార్గాలు పెట్టుకోండి: ఆటో మీద మైకు, గుడి, మసీదు, చర్చి మైకులు, చివరగా టముకు. చాటింపు మాటలు ముందే రాసి ఉంచాలి, అవి నాలుగు వాక్యాలకు మించకూడదు: ఎవరు కదలాలి, ఎక్కడికి, ఎప్పటిలోగా, వెంట ఏం తెచ్చుకోవాలి. "ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను" అన్న మాట చాటింపులో వద్దు. అది విన్నవాడు ఏం చేయాలో అందులో లేదు.

వెంట తెచ్చుకోవలసినవి ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో, రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా, టార్చి, దుప్పటి, పసిపిల్లలుంటే వారి ఆహారం. ఇంటి బయట నిలబడి నాలుగు పక్కల నుంచి ఫోటోలు తీసుకుని కదలమని చెప్పండి. పదో మెట్టులో అవి పనికొస్తాయి.

112, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, అంబులెన్సుకు 108, కరెంటుకు 1912 నంబర్లను గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. జిల్లాలో తుపాను సమయానికి వేరే నంబర్లు ప్రకటిస్తారు కనుక కింద ఖాళీ వదలండి.

7. తరలింపు నాడు జాబితాతోనే లెక్క చూడండి

జట్టు ఇంటికి వెళ్లి తలుపు తట్టి, మనుషులు బయలుదేరాక ఆ ఇంటి వరుసలో ఒక టిక్కు పెట్టాలి. షెల్టరు గుమ్మం దగ్గర కూర్చున్నవారు వచ్చినవారికి రెండో టిక్కు పెట్టాలి. ఒకే టిక్కు ఉన్న ఇల్లు అంటే మనుషులు దారిలో ఎక్కడో ఉన్నారని, లేదా వెనక్కి తిరిగి వెళ్లారని. ఇలా తిరిగి వెళ్లేవారు తప్పకుండా ఉంటారు. గొళ్లెం పెట్టామా అని ఒకరు, కోళ్ల గంప కోసం ఒకరు.

బంధువుల ఇళ్లకు వెళ్తామన్నవారిని ఆపనవసరం లేదు, కానీ ఏ ఊరో, ఎవరింటికో రాసుకోండి. రానని భీష్మించినవారితో వాదనకు దిగకుండా వారి మాట వినే మనిషిని పంపండి. సాధారణంగా అది అధికారి కాదు, ఆ వీధి సంఘం నాయకురాలో, వాళ్ల పూజారో పాస్టరో అవుతారు.

8. గాలి ఆగిందని తలుపు తీయకండి

తుపాను కేంద్రం ఊరి మీదుగా పోతే గాలి హఠాత్తుగా ఆగుతుంది, ఆకాశం కాస్త తెరిపినిస్తుంది. జనం బయటికి వస్తారు. కొంతసేపటికి గాలి ముందు వీచిన దిక్కుకు ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా విరుచుకుపడుతుంది. షెల్టరు బాధ్యుడు చెప్పేదాకా ఎవరూ గడప దాటకూడదని సాయంత్రమే చెప్పి ఉంచండి. ఆ బాధ్యుడు తన కళ్లతో ఆకాశం చూసి నిర్ణయించకూడదు; మండల కేంద్రం నుంచి కబురు రావాలి, లేదా బ్యాటరీ రేడియోలో వినాలి.

9. మొదటి రెండు రోజులు: తీగలు, నీళ్లు, కళేబరాలు

ముందు లైన్‌మన్ సరఫరా ఆపినట్టు నిర్ధారించాకే చెట్ల జట్టు రోడ్డు మీదికి రావాలి. ఎవరింట్లోనైనా సొంత జనరేటర్ నడుస్తుంటే తీగల్లోకి కరెంటు వెనక్కి వచ్చే ప్రమాదముంది, కనుక తెగిన ప్రతి తీగనూ కరెంటు ఉన్నట్టే భావించండి.

మునిగిన బావి నీటిని ముందు తోడించి, ఆ తర్వాత బ్లీచింగ్ చేయాలి. బావిలో నీటి లెక్క ఇది: వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చించి, నీటి లోతుతో హెచ్చించి, 3.14తో హెచ్చించి, నాలుగుతో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. మూడు మీటర్ల వ్యాసం, రెండు మీటర్ల నీరు ఉన్న బావిలో సుమారు 14 ఘనపు మీటర్లు, అంటే 14,000 లీటర్లు. మంచి బ్లీచింగ్ పౌడర్ మామూలుగా వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, కనుక ఈ బావికి 35 గ్రాములు. వరద కలిసిన నీటికి ఇంతకన్నా ఎక్కువ పడుతుంది. ఎంతన్నది పరీక్షే చెబుతుంది.

పొడిని నేరుగా బావిలో చల్లవద్దు. బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత ముప్పావు వంతు నీళ్లు పోసి కలియబెట్టి, పది నిమిషాలు వదలండి. సున్నం అడుగుకు చేరాక పైన తేరుకున్న నీటిని ఇంకో బకెట్‌లోకి వంచి, దాన్ని తాడుతో బావిలోకి దించి పైకీ కిందికీ ఆడించండి. అడుగున మిగిలిన సున్నాన్ని పారబోయండి. గంట గడిచాక క్లోరోస్కోప్‌తో చూడండి, లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రంగును మందు చుక్కలు వేసిన పది సెకన్లలోపే చూడాలి, ఆగి చూస్తే ఎక్కువ ఉన్నట్టు తప్పుగా కనిపిస్తుంది. పైపుల నీరైతే ట్యాంకు దగ్గర కాదు, ఊరి చివరి కుళాయి దగ్గర పరీక్షించండి. రంగు రాలేదంటే మళ్లీ వేయాలి. పౌడర్ బస్తా విప్పి నెలలు గడిచి ఉంటే దాని బలం పోయి ఉంటుంది, ఎంత వేసినా రంగు రాదు.

చనిపోయిన పశువులను పూడ్చే ముందు పశువైద్య సిబ్బందికి చూపించి కాగితం రాయించండి, ఫోటో తీయండి. యజమానికి పరిహారం రావడానికి ఆ కాగితమే ఆధారం. గొయ్యి బావులకు, చెరువులకు దూరంగా లోతుగా తీసి సున్నం చల్లాలి. తిరిగి ఇళ్లకు వెళ్లేవారికి పాముల గురించి చెప్పండి. కాటు వేస్తే కట్టు కట్టడం, గాటు పెట్టడం మాని, కాలు కదపకుండా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాము కాటు మందు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో నిల్వ ఉందో 48 గంటల దశలోనే ఏఎన్ఎం కనుక్కుని ఉండాలి.

10. నష్టం లెక్క వీధిలో రాయండి

ఊళ్లో తగాదాలు మొదలయ్యేది ఇక్కడే. పంట నష్టానికి 33 శాతం, అంతకన్నా ఎక్కువ దెబ్బతింటేనే పెట్టుబడి సాయం అందుతుంది. ఇళ్లను పూర్తిగా, తీవ్రంగా, పాక్షికంగా దెబ్బతిన్నవని విడదీస్తారు. ఈ విభజన ఇంటి ముందు నిలబడి, యజమాని ఎదుట, ఫోటోతో సహా రాయాలి. ఒకరి ఇంటి అరుగు మీద కూర్చుని రాసిన జాబితా ఎంత నిజాయతీగా రాసినా ఎవరూ నమ్మరు. పూర్తయిన జాబితాను సచివాలయం గోడకు అంటించి, అభ్యంతరాలకు గడువు పెట్టి, వచ్చిన అభ్యంతరాలను అదే కాగితం మీద పరిష్కరించండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలా కోత కాలంలో తుపాను వస్తే, పొలంలో పనల మీదున్న వరిని, కల్లంలో తడిసిన ధాన్యాన్ని వేర్వేరు గడుల్లో రాయండి. కౌలు రైతు పేరు విడిచిపెట్టకండి. భూమి యజమాని పేరు ఒక్కటే రాస్తే సాగు చేసినవాడికి ఏమీ మిగలదు.

ప్రణాళిక పనిచేస్తుందో లేదో తెలుసుకునే పరీక్షలు

కాగితం పూర్తయ్యాక ఎవరికీ చెప్పకుండా ఒక రాత్రి ఎనిమిది గంటలకు జట్టు నాయకులందరికీ ఫోన్ చేయండి. అర గంటలో ఎంతమంది ఎత్తారో రాయండి. ఎత్తనివారి బదులు మనుషులకు చేయండి. మాకు మొదటిసారి పన్నెండింట ఐదు నంబర్లు మారిపోయి ఉన్నాయి.

ఇంకో రోజు ముంపు రేఖ లోపలి పది ఇళ్లను చీటీలు తీసి ఎంచుకుని వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: తుపాను వస్తే మీరు ఎక్కడికి వెళ్లాలి, మీకు కబురు చెప్పేది ఎవరు, వెంట ఏం తీసుకెళ్తారు? కనీసం ఎనిమిది ఇళ్లవారైనా మూడింటికీ సరిగ్గా చెప్పలేకపోతే లోపం వారిది కాదు, చాటింపుది.

జనరేటర్‌ను ఊరికే ఐదు నిమిషాలు తిప్పి ఆపకండి. షెల్టరు దీపాలు, మోటారు అన్నీ కలిపి గంటసేపు నడపండి. ఆ గంటలో ఎన్ని లీటర్లు తాగిందో రాసి, మూడు రాత్రులకు ఎంత కావాలో లెక్కవేయండి. చక్రాల కుర్చీ వాడే ఒకరిని, వారి అనుమతితో, ఇంటి నుంచి షెల్టరు పై అంతస్తు దాకా నిజంగా తీసుకెళ్లి చూడండి. ర్యాంపు ఉందని రాసి ఉన్న ఒక భవనంలో ఆ ర్యాంపు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది.

ఈ పరీక్షల్లో దొరికిన లోపాలను ఆ వారంలోనే సరిచేసి, డబ్బు కావలసినవాటిని వచ్చే ఏడాది పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో విడి పద్దుగా చేర్చండి. "ఇతరములు" కింద పెడితే ఆ డబ్బు వీధి దీపాలకు పోతుంది. సవరించిన ప్రణాళిక నకళ్లు తహసీల్దారు, ఎంపీడీవో కార్యాలయాలకు, పోలీస్ స్టేషన్‌కు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇచ్చి, జట్ల జాబితాను షెల్టరు గోడకు అంటించండి. అంటించే ముందు తేదీ వేసి, కిందనున్న పాత కాగితాన్ని చించేయండి.